పిల్లల వార్డులో ఎంతమంది నర్సులు ఉండాలి? పోస్టుల లెక్క వేరు, డ్యూటీ లెక్క వేరు

దేవరకొండ వైపు నుంచి ఒక తమ్ముడు రాశారు. వాళ్ళ ఊరి ఆరోగ్య సబ్ సెంటర్‌కు ఇద్దరు ఏఎన్ఎంలు (ఊళ్ళో తిరిగి టీకాలు వేసే నర్సులు) ఉన్నట్టు రికార్డులో ఉంది, కానీ టీకాల రోజు తప్ప ఇద్దరూ కలిసి కనిపించరట. ఈ మధ్య అన్న కొడుకును నిమోనియాతో ప్రభుత్వ ఆసుపత్రిలో చేర్పిస్తే, పిల్లల వార్డు మొత్తానికీ రాత్రి ఒక్క సిస్టరే ఉందట. సెలైన్ అయిపోయిందని చెప్పడానికి ఆమెను వెతుక్కుంటూ తిరగాల్సి వచ్చిందట. అసలు ఎంతమంది పిల్లలకు ఎంతమంది నర్సులు ఉండాలి, ఎవరిని అడగాలి, ఆ సిస్టర్ మీద ఫిర్యాదు పెట్టాలా అన్నది ఆయన ప్రశ్న.

నేను ఉమ్మడి పాలమూరు జిల్లాలో మొదట పిల్లల వార్డులో స్టాఫ్ నర్సుగా, తర్వాత పబ్లిక్ హెల్త్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. డ్యూటీ చేశాను, ఇతరులకు డ్యూటీలు వేశాను కూడా. అందుకే కొంచెం వివరంగానే చెప్తాను.

తమ్ముడూ, ఏ ఆసుపత్రికైనా మూడు సంఖ్యలు ఉంటాయి. మంజూరైన పోస్టులు ఎన్ని, వాటిలో భర్తీ అయినవి ఎన్ని, ఈ రోజు ఈ షిఫ్టులో పిల్లల మంచాల దగ్గర నిలబడి ఉన్నవాళ్ళు ఎంతమంది. అసెంబ్లీలో చెప్పేది మొదటి సంఖ్య. పేపర్లలో వచ్చేది రెండోది. మీ అన్న కొడుక్కి ఆ రాత్రి పనికొచ్చేది మూడోది ఒక్కటే. అది ఎవరూ రాసిపెట్టరు, రాసిపెట్టినా ఎవరూ అడగరు.

ఏడాదికి 8,760 గంటలు. వార్డులో ఒక్క నర్సు చొప్పున రాత్రీ పగలూ ఎప్పుడూ ఉండాలంటే ఆ గంటలన్నిటికీ మనిషి కావాలి. వారానికి 48 గంటలు పనిచేసే నర్సు, ఒక్క సెలవు కూడా పెట్టకపోతే, ఏడాదికి 2,496 గంటలు చేస్తుంది. అంటే ఆ ఒక్క చోటు నింపడానికి ముగ్గురున్నర మంది. మనిషన్నాక పండగ ఉంటుంది, జ్వరం ఉంటుంది, సీఎల్‌లు, ఈఎల్‌లు, ట్రైనింగులు ఉంటాయి. అందుకే నర్సింగ్ కౌన్సిల్ లెక్కల్లో దీనిమీద 30 శాతం లీవ్ రిజర్వ్ కలపాలని ఉంది. అది కలిపితే నాలుగున్నర దాటుతుంది. కనుక వార్డులో ఎప్పుడు చూసినా ఒక సిస్టర్ ఉండాలంటే ఐదు పోస్టులు కావాలి. ఈ ఒక్క లెక్క మనసులో పెట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది. "మా దగ్గర ఐదుగురు ఉన్నారు" అని ఎవరైనా గొప్పగా చెప్తే, ఏ సమయంలో చూసినా ఒక్కరే ఉన్నారని అర్థం.

ఇప్పుడు నిబంధనల సంగతి. భారత నర్సింగ్ కౌన్సిల్ బోధనాసుపత్రులకు పెట్టిన కొలత మూడు మంచాలకు ఒక నర్సు. వినడానికి బాగుంటుంది. కానీ అది మూడు షిఫ్టులకూ కలిపి. షిఫ్టుకు చూస్తే తొమ్మిది మంచాలకు ఒకరు. అమెరికాలోని కాలిఫోర్నియాలో 2004 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం పిల్లల వార్డులో నలుగురు పిల్లలకు ఒక నర్సు, అదీ ఏ షిఫ్టులోనైనా, అర్ధరాత్రి అయినా సరే. అక్కడి జీతాలు, అక్కడి డబ్బు వేరని నాకు తెలుసు. రేపటికల్లా నల్లగొండలో అదే కావాలని నేను అనడం లేదు. కొలత పెట్టే పద్ధతి చూడమంటున్నాను. వాళ్ళు షిఫ్టు చూసి లెక్కపెడతారు, మనం మంజూరు ఉత్తర్వు చూసి లెక్కపెడతాం.

మీరు చూసిన రాత్రి ఎలా వచ్చిందో చెప్తాను. 30 మంచాల పిల్లల వార్డు అనుకుందాం. మూడుకొకరు అంటే పది మంది, రిజర్వ్ కలిపితే పదమూడు. అందులో మూడు ఖాళీలు. పది మంది మిగిలారు. ఒకరు ప్రసూతి సెలవులో ఉన్నారు. ఇంకొకరి జీతం ఇక్కడ, పని వేరే చోట, డిప్యుటేషన్ మీద. ఎనిమిది మంది. రోజూ ఇద్దరికి వీక్లీ ఆఫ్, నైట్ ఆఫ్ పోతాయి. ఆరుగురు. పొద్దున డాక్టర్ల రౌండు, అడ్మిషన్లు, డిశ్చార్జీలు ఉంటాయి కాబట్టి ముగ్గురు, మధ్యాహ్నం ఇద్దరు, రాత్రికి ఒక్కరు. ఇందులో ఎవరూ పని ఎగ్గొట్టలేదు, ఎవరూ అబద్ధం రాయలేదు. అయినా రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా, పన్నెండు గంటలు, ముప్పై మంది పిల్లలకు ఒక్క మనిషి. వానాకాలం చివర డెంగీ, వైరల్ జ్వరాలు మొదలయ్యాక ఆ మంచాల మీద నలభై మంది ఉంటారు, ఇద్దరిద్దరు చొప్పున. మంచాల లెక్క మాత్రం ముప్పై దగ్గరే ఆగుతుంది.

ప్రసూతి సెలవు గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. మన రాష్ట్రంలో అది 180 రోజులు, న్యాయంగా రావాల్సిన సెలవు. కొత్తగా చేరేవాళ్ళలో ఎక్కువమంది పెళ్ళీడు పిల్లలు, లేదా చిన్న పిల్లల తల్లులు. 2024 జనవరి చివర్లో రాష్ట్రంలో ఒక్కసారే ఏడు వేలకు దగ్గరగా స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలు ఇచ్చారు. మంచి పని, ఏళ్ళ తరబడి ఎదురుచూసిన పని. అయితే అంతమంది ఒకే వయసువాళ్ళు ఒకేసారి చేరినప్పుడు తర్వాతి నాలుగైదేళ్ళలో ఏ వార్డులోనైనా ఒకరిద్దరు సెలవులో ఉంటారని ముందే తెలుసు. పోస్టు ఖాళీ కాదు కాబట్టి బదులు మనిషిని ఇవ్వరు. ఆ భారం పక్కనున్న సిస్టర్ మీద పడుతుంది, చివరికి పిల్లవాడి మీద పడుతుంది.

పిల్లల వార్డును పెద్దవాళ్ళ వార్డుతో కలిపి ఒకే లెక్క వేయడం ఇంకో అన్యాయం. పెద్దవాళ్ళకు సూది చేయాలంటే చేయి చాపుతారు. పది నెలల పిల్లకు నరం దొరకడానికే ఇద్దరు కావాలి, ఒకరు చేయి పట్టుకోవాలి, ఒకరు క్యాన్యులా పెట్టాలి. మందు పిల్ల బరువును బట్టి లెక్కకట్టాలి. వయల్ మొత్తం కలిపి, అందులో ఎన్ని పాయింట్లు తీయాలో చూసుకోవాలి. సెలైన్ పెద్దవాళ్ళలా పెట్టి వదిలేస్తే చిన్న గుండె, చిన్న ఊపిరితిత్తులు తట్టుకోలేవు. మైక్రో డ్రిప్ సెట్‌లో 60 చుక్కలు ఒక ఎంఎల్. ఆ చుక్కలు లెక్కపెట్టి, మళ్ళీ అరగంటకు వచ్చి చూడాలి. పెద్దవాళ్ళు ఆయాసం వస్తే పిలుస్తారు. నిమోనియా పిల్ల పిలవదు. డొక్కలు ఎగరేస్తుంది, ముక్కుపుటాలు అదురుతాయి, తర్వాత ఏడుపు ఆగిపోతుంది. పిల్ల నిద్రపోయిందని తల్లి ఊరట పడుతుంది. ఆ నిద్ర మంచి నిద్రో కాదో చూసి చెప్పగలిగేది నర్సే. రెండు నెలల నుంచి ఏడాది లోపు పిల్ల నిమిషానికి 50 సార్లు, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు పిల్ల 40 సార్లు, లేదా అంతకంటే ఎక్కువ ఊపిరి తీస్తుంటే అది వేగం కిందే లెక్క. అది తెలియాలంటే పొట్ట మీద చూపు పెట్టి నిండు నిమిషం లెక్కపెట్టాలి. ముప్పై మంది పిల్లలకు అదొక్కటే చేసినా అరగంట పోతుంది.

నవజాత శిశువుల యూనిట్, ఎస్ఎన్‌సీయూ అంటారు చూడండి, అక్కడ ఇది ఇంకా కటువుగా ఉంటుంది. ప్రతి షిఫ్టులో ముగ్గురు నలుగురు శిశువులకు ఒక నర్సు ఉండాలన్నది మార్గదర్శకం. పన్నెండు వార్మర్ల (శిశువును వెచ్చగా ఉంచే మంచాల) యూనిట్ అయితే షిఫ్టుకు ముగ్గురు లేదా నలుగురు. పైన చెప్పిన లెక్కతో గుణిస్తే పద్నాలుగు నుంచి పద్దెనిమిది మంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు రొమ్ము పట్టలేరు, తల్లి పాలు పిండి గొట్టంతోనో పలాడైతోనో రెండు గంటలకోసారి పట్టాలి. పలాడై అంటే మన ఉగ్గుగిన్నె లాంటిది. చుక్క చుక్క పెదవి దగ్గర ఆనించి, మింగిందా లేదా చూసి, మళ్ళీ ఆనించాలి. తొందరపడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒక్కొక్కరికి పావుగంట తక్కువ పట్టదు. ఒక నర్సు చేతిలో అలాంటి ఎనిమిది మంది ఉంటే చివరి పిల్లకు పట్టేసరికి రెండు గంటలు అయిపోయి మొదటి పిల్ల వంతు మళ్ళీ వస్తుంది. ఇక యాంటీబయాటిక్ ఎప్పుడు, షుగర్ చూడడం ఎప్పుడు, పచ్చకామెర్ల లైటు కింద ఉన్న పిల్ల కళ్ళ గంతలు జారాయేమో చూడడం ఎప్పుడు? ఒక పిల్లను ముట్టి ఇంకో పిల్లను ముట్టేముందు చేతులు కడుక్కోవడం ఎప్పుడు? ఇన్‌ఫెక్షన్లు ఎందుకు పెరుగుతున్నాయని మీటింగులో అడుగుతారు. నర్సుకు రెండు నిమిషాలు మిగలకపోతే చేతులు కడగడం ఎక్కడి నుంచి వస్తుంది?

నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో పిల్లల వార్డు నైట్ సిస్టర్‌నే పక్క వార్డుకు కూడా చూసుకోమనేవారు. రోస్టర్‌లో రెండు వార్డుల్లోనూ పేరు ఉండేది, రెండుచోట్లా నర్సు ఉన్నట్టే లెక్క. అందుకే మీరు అడిగేటప్పుడు పేర్ల సంఖ్య అడగకండి, ఒకే పేరు ఎన్నిచోట్ల ఉందో చూడండి.

ఇక సబ్ సెంటర్ విషయం. మైదాన ప్రాంతంలో 5,000 జనాభాకు, గిరిజన ప్రాంతంలో 3,000కు ఒక సబ్ సెంటర్. ఒక రెగ్యులర్ ఏఎన్ఎం, జాతీయ ఆరోగ్య మిషన్ కింద కాంట్రాక్టు మీద సెకండ్ ఏఎన్ఎం. చాలాచోట్ల ఇప్పుడు పల్లె దవాఖాన పేరుతో ఒక ఎంఎల్‌హెచ్‌పీ (మధ్యస్థాయి వైద్య సేవకులు) కూడా. ప్రతి వెయ్యి జనాభాకు ఒక ఆశ కార్యకర్త. కాగితం మీద ఇది తక్కువేమీ కాదు. మన రాష్ట్రంలో జననాల రేటు వెయ్యికి 16 దాకా ఉంది, అంటే 5,000 జనాభాలో ఏడాదికి 80 మంది పిల్లలు పుడతారు. ఆరు వారాలు, పది వారాలు, పద్నాలుగు వారాలు, తొమ్మిది నెలలు, ఏడాదిన్నర, ఐదేళ్ళు. ఆరుసార్లు టీకాకు రావాలి. ఏడాదికి 480. నెలకు నాలుగు టీకా రోజులు పెట్టినా రోజుకు పదిమంది పిల్లలే. "పది మందికి సూదులు వేయడానికి ఇద్దరెందుకు?" అని అడిగే అధికారులను నేను చూశాను. లెక్క తప్పు కాదు. పని ఏమిటో వాళ్ళకు తెలియదు, అంతే.

ఆ 5,000 మంది ఒకచోట ఉండరు. మీ చందంపేట, నేరేడుగొమ్ము వైపు ఒక ఊరు, దాని చుట్టూ నాలుగైదు తండాలు. అమ్రాబాద్ అడవిలో అయితే అప్పాపూర్ లాంటి చెంచు పెంటలు, అంటే చెంచుల చిన్న గూడేలు, ఒక్కో పెంటలో కొద్ది కుటుంబాలే. ఒక పిల్లకు ఒక సూది వేయడానికి సగం రోజు పోతుంది. తట్టు, రుబెల్లా టీకా ఒకసారి కలిపాక నాలుగు గంటల్లో వాడాలి, మిగిలింది పారేయాలి. క్యారియర్‌లో ఐస్ ప్యాకులు పెట్టుకుని బయల్దేరిన మనిషికి దారి దూరమే అసలు పని. జనాభా లెక్కలో ఆ దూరం ఎక్కడా కనిపించదు.

ఇంకోటి, మన ప్రాంతానికి ప్రత్యేకమైనది వలస. మద్దూరు, కోస్గి, నారాయణపేట వైపు నుంచి ముంబై, పుణె పోయేవాళ్ళు, దేవరకొండ తండాల నుంచి హైదరాబాద్ కూలీల అడ్డాకు పోయేవాళ్ళు. పది వారాల టీకాకు పిల్ల ఊళ్ళో ఉండదు, దసరాకు వస్తుంది. అప్పుడు కార్డు దొరకదు. ఏ డోసు పడిందో తెలుసుకోవడానికి ఏఎన్ఎం ఇల్లిల్లూ తిరగాలి. నమోదు చేసిన ఫోన్ తండ్రి దగ్గర ఉంటుంది, గుర్తుచేసే మెసేజ్ హైదరాబాద్‌లో మోగుతుంది, తల్లి తండాలో ఉంటుంది. ఇటు బొమ్మలరామారం వైపు ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి వచ్చే కుటుంబాల పిల్లలు ఏ సబ్ సెంటర్ జనాభాలోనూ లేరు. కానీ వాళ్ళకు టీకా వేయాల్సింది అక్కడి ఏఎన్ఎమ్మే. పైగా ఇప్పటికీ 2011 జనగణన మీదే చాలా లెక్కలు నడుస్తున్నాయి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. అదే సర్వేలో ఏడాది నుంచి రెండేళ్ళ పిల్లల్లో టీకాలన్నీ పూర్తయినవాళ్ళు 79 శాతం. ఐదేళ్ళ లోపు పిల్లల్లో మూడో వంతు వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఆరు నెలలు దాటిన పిల్లల్లో పదిమందిలో ఏడుగురికి రక్తహీనత. అంటే పుట్టడం ఆసుపత్రిలోనే పుడుతున్నారు, తర్వాత చేయి జారిపోతున్నారు. కాన్పు ఒక్క రోజు పని, డబ్బిచ్చి, కిట్టిచ్చి, 108 పంపి చేయించవచ్చు. రెండేళ్ళ పాటు ఒక పిల్ల వెంట ఉండడం మనిషి చేయాల్సిన పని. తూకం వేసి, పోయిన నెల తూకంతో పోల్చి, పాలు సరిపోతున్నాయా అడిగి, ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు ఎంఎల్ చొప్పున పోస్తున్నారా లేక సీసా అటక మీదే ఉందా చూసి, తల్లి భయాన్ని కూర్చుని వినాలి. ఆశ వెళ్ళి చూస్తుంది, నిజమే. మొదటి ఆరు వారాల్లో ఆరుసార్లు, తర్వాత మూడు నెలల నుంచి పదిహేను నెలల దాకా ఐదుసార్లు వెళ్ళాలి. కానీ ఆమెకు అనుమానం వచ్చినప్పుడు పక్కన నిలబడి తేల్చి చెప్పాల్సింది నర్సు.

ఆ నర్సు సమయం ఎటు పోతోందో ఏదైనా సబ్ సెంటర్‌లో ఒక వారం కూర్చుంటే తెలుస్తుంది. బీపీ, షుగర్ సర్వే, టీబీ, జ్వరాల సర్వే, గర్భిణుల నమోదు, కుటుంబ నియంత్రణ, ఒక్కోదానికి ఒక రిజిస్టర్, ఒక యాప్. నెట్‌వర్క్ లేని తండాలో రాసుకొచ్చి రాత్రి ఇంట్లో కూర్చుని ఎక్కించాలి. బుధవారం, శనివారం టీకాలు పోను మిగిలిన రోజుల్లో చాలావరకు రిపోర్టులకూ మీటింగులకూ పోతాయి. ఇద్దరిలో ఒకరు పీహెచ్‌సీ డ్యూటీకో ట్రైనింగ్‌కో పోతే మిగిలేది ఒక్కరు. సెకండ్ ఏఎన్ఎంలు 2023లో రెగ్యులర్ చేయమని సమ్మెకు దిగారు. అదే పని, పక్క మనిషి జీతంలో చాలా తక్కువ భాగం. వాళ్ళు మానేస్తే ఆ పల్లెలో పిల్లల పేర్లు తెలిసిన మనిషి పోయినట్టే.

ఇంగ్లండ్‌లో ఇళ్ళకు వెళ్ళి చిన్నపిల్లలను చూసే హెల్త్ విజిటర్లు ఉంటారు. ఒక్కొక్కరి కింద 250 మంది పిల్లలకు మించకూడదని వాళ్ళ సంఘాలు పోరాడుతున్నాయి, అక్కడా చాలాచోట్ల అది దాటిపోతోంది. నాకు నచ్చింది, వాళ్ళ వాదన జనాభా మీద కాదు, పిల్లల మీద నడుస్తుంది. మనకూ అలాగే ఉండాలి. ఈ ఏఎన్ఎం కింద ఐదేళ్ళ లోపు పిల్లలు ఎంతమంది, వాళ్ళు ఎన్ని ఆవాసాల్లో ఉన్నారు, అందులో వలస కుటుంబాలు ఎన్ని. ఈ మూడూ చూసి మనుషులను ఇవ్వాలి. ఈ లెక్కకు కొత్త సర్వే అక్కర్లేదు, ఆశల దగ్గర, అంగన్‌వాడీ టీచర్ దగ్గర ఇప్పటికే ఉంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, ఫిర్యాదు. ఆ రాత్రి ఉన్న సిస్టర్ మీద పెట్టకండి. ఆమెకు మెమో వస్తుంది, వార్డులో రెండో మనిషి మాత్రం రాదు. సూపరింటెండెంట్ ఆఫీసుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పిల్లల వార్డుకు మంజూరైన నర్సు పోస్టులు, భర్తీ అయినవి, డిప్యుటేషన్ మీద బయట ఉన్నవి, దీర్ఘ సెలవులో ఉన్నవి విడివిడిగా అడగండి. అవి వచ్చినా సగమే. పోయిన సెప్టెంబర్ నెల నైట్ డ్యూటీ రోస్టర్ నకలు, అదే నెలలో ప్రతి రాత్రి పిల్లల వార్డు సెన్సస్ నకలు కూడా అడగండి. సెన్సస్ అంటే రాత్రి వార్డులో ఎంతమంది పేషెంట్లు ఉన్నారో రాసే లెక్క, ప్రతి వార్డులో ఉంటుంది. పిల్లల సంఖ్యను నర్సుల సంఖ్యతో మీరే భాగించండి. ఆ కాగితం పట్టుకుని సోమవారం కలెక్టరేట్ ప్రజావాణికి వెళ్ళండి, ఆసుపత్రి అభివృద్ధి కమిటీలో ఉన్న మీ ప్రజాప్రతినిధికి ఒక నకలు ఇవ్వండి. "సిబ్బంది కొరత" అని రాస్తే "చర్యలు తీసుకుంటున్నాం" అని జవాబు వస్తుంది. "సెప్టెంబర్‌లో ఇన్ని రాత్రులు ఇంతమంది పిల్లలకు ఒక్క నర్సు" అని తేదీలతో రాస్తే, ఆ తేదీల గురించి ఎవరో ఒకరు సంతకం పెట్టి జవాబు చెప్పాలి. డిప్యుటేషన్లు రద్దు చేయడం జిల్లాలోనే చాలావరకు అయిపోయే పని, దానికి కొత్త నోటిఫికేషన్ అక్కర్లేదు. ముందు అదే అడగండి.

సబ్ సెంటర్ సంగతి ఇంకా సులువు, అది మీ ఊళ్ళోనే ఉంది. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ కమిటీ ఎప్పుడు కూర్చుందో అడగండి. దాని నిధి పెద్దదేమీ కాదు, కానీ తూకం యంత్రం బాగుచేయించడానికీ, టీకా రోజు తల్లులు ఎండలో నిలబడకుండా నీడ వేయించడానికీ సరిపోతుంది. ఏఎన్ఎం ఊళ్ళో ఉండడం లేదని చాలామంది కోప్పడతారు. ఆ క్వార్టర్ తలుపు తీసి ఒకసారి లోపల చూడండి, నల్లా వస్తుందా, బాత్రూమ్ తలుపుకు గడియ ఉందా, రాత్రి లైటు ఉందా. ఈ మూడూ గ్రామ పంచాయతీ చేతిలో ఉన్నవే. తర్వాతి గ్రామసభలో తీర్మానం రాయించండి, అందులోనే టీకా రోజు ఇద్దరు ఏఎన్ఎంలనూ వేరే డ్యూటీకి పిలవకూడదని మండల వైద్యాధికారిని కోరుతూ ఒక వాక్యం చేర్చండి.